యజమాని లేని యంత్రము

వీడియో ఆటల వ్యాపారమున నొక విచిత్రము చిరకాలముగ గానవచ్చుచున్నది. టెలివిజనునకు దగిలించి యాడుకొను కన్సోలు యంత్రములకు జరుగు ప్రచారము కంప్యూటరునకు జరుగుట లేదు. ప్లేస్టేషను, ఎక్స్‌బాక్సు, నింటెండో అను పేళ్లు ఆటల నెన్నడు నాడని తల్లిదండ్రుల చెవులకు గూడ సోకినవి. క్రొత్త కన్సోలు వెలువడు దినమున అమెరికా, జపాను దేశములలో దుకాణముల యెదుట జనులు బారులు తీరుదురు. యూరపు ఖండపు ఛాంపియన్సు లీగు ఫుట్‌బాలు పోటీలకు ప్లేస్టేషను చిరకాలముగ బోషకత్వము వహించుచున్నది. కంప్యూటరును గొని యాటలాడుడని ఇంత ధనము వెచ్చించి లోకమునకు జెప్పువారు మాత్రము కానరారు.

ఆడువారు తక్కువగుటచే నిట్లున్నదందుమా, లెక్కలు వేఱుగ జెప్పుచున్నవి. కంప్యూటరు ఆటల నంతర్జాలమున విక్రయించు స్టీము అను నంగడిలో 2025 మార్చి నెలలో నొకే సమయమున జేరియున్నవారి సంఖ్య 4 కోట్లను దాటినది. ఇది యొక్క యంగడి లెక్క మాత్రమే. సరకు నాసిరకమందుమా, అదియు గాదు. ఆడువారే యాటను దిరుగవ్రాసి తమకు నచ్చినట్లు మార్చుకొనుట యను నాచారము వేళ్లూనినది కంప్యూటరుపైననే. కౌంటర్ స్ట్రయికు అను సుప్రసిద్ధమైన యాట 1999లో నిద్దఱు యువకులు మఱియొక యాటను సవరించి చేసికొన్నదే. మైన్‌క్రాఫ్టును 2009లో స్వీడను దేశమున నొక్కడు తీఱిక వేళల వ్రాసి లోకమున విడిచినాడు. ఇట్టివి పుట్టినచోట బ్రచారమే లేకపోవుట కేమి కారణము?

మా యభిప్రాయమున గారణ మొక్కటియే. కంప్యూటరునకు యజమాని లేడు. దానిని బొగడిన వచ్చు లాభము పొగడినవానికే చెందునను నమ్మకము లేదు. కన్సోలునకు యజమాని కలడు. అతడు వెచ్చించిన ప్రతి రూపాయియు వడ్డీతో నతనికే మరలివచ్చును.

ఈ స్థితి యాదృచ్ఛికముగ నేర్పడినది. 1981 ఆగస్టులో ఐ. బి. ఎం. కంపెనీ తన వ్యక్తిగత కంప్యూటరును వెలువరించినప్పుడు, పోటీదారులను ద్వరగ నందుకొనవలెనను తొందరలో, బజారున దొరకు భాగములతోనే దానిని గూర్చినది. మెదడు ఇంటెలు కంపెనీది. యంత్రమును నడుపు వ్యవస్థ మైక్రోసాఫ్టుది; దానిని ఇతరులకు గూడ విక్రయించు హక్కును మైక్రోసాఫ్టు దన చేతనే యుంచుకొన్నది. ఐ. బి. ఎం. తనదని చెప్పుకొనదగిన చిన్నభాగ మొకటి మిగిలినది. దాని పనిని బరిశీలించి, అసలు వ్రాతను ముట్టకయే, చట్టమునకు లోబడి క్రొత్తగ వ్రాసికొన్న కాంపాక్ కంపెనీ 1982 నవంబరులో నచ్చముగ నట్టి యంత్రమునే ప్రకటించినది. పిమ్మట నెందఱో యా దారిని బట్టిరి. నేడు హైదరాబాదున చెనాయ్ ట్రేడు సెంటరులో నొక కుఱ్ఱవాడు నాలుగు దుకాణములలో నాలుగు భాగములను గొని తన కంప్యూటరును దానే బిగించుకొనగలుగుచున్నాడన్న, అది యా తొందరపాటు ఫలమే.

కన్సోలు చరిత్ర యిందులకు సరిగ వ్యతిరేకము. 1983లో అమెరికాలో వీడియో ఆటల వ్యాపారము కుప్పగూలినది. ఎవడు పడిన వాడు అటారీ యంత్రమునకు బనికిమాలిన యాటలు చేసి యంగళ్లలో గుమ్మరించుటయే యందులకు ముఖ్యకారణములలో నొకటి. 1985లో నా దేశమున దన కన్సోలును విడుదలచేసిన నింటెండో యీ పాఠమును బాగుగ నేర్చినది. తన యంత్రములో నొక తాళపు చిప్పును బెట్టినది. అందులకు దగిన బీగము తన యనుమతితో దయారైన యాటలందే యుండును. ఆట గుళికలను దానే తయారుచేసి, సొమ్ము ముందుగ వసూలు చేసికొన్నది. ఒక్కొక్క కంపెనీ యేడాదికి నైదు ఆటలకు మించి విడుదల చేయగూడదని కట్టడి చేసినది. తక్కిన కన్సోలు కంపెనీలన్నియు నీ పద్ధతినే యనుసరించినవి. మన పూర్వులెఱిగిన జమీందారీకిని దీనికిని భేదము తక్కువ. భూమి జమీందారుది, దున్నువాడు రైతు. పంట చేతికి వచ్చినపుడెల్ల శిస్తు చెల్లవలెను.

ఆ శిస్తు తఱచుగ నూటికి ముప్పది. ఐదువేల రూపాయల యాట యొకటి కన్సోలు కంపెనీ యంతర్జాలపు టంగడిలో నమ్ముడుపోయిన, చెమటోడ్చి వ్రాసినవాని భాగమునుండి పదునైదు వందలు యంత్రపు యజమానికి బోవును. కావుననే యంత్రమును నష్టమున కమ్మినను వానికి బెంగలేదు. 2021 మే నెలలో కాలిఫోర్నియాలో ఎపిక్, ఆపిలు కంపెనీల నడుమ జరిగిన వ్యాజ్యమున మైక్రోసాఫ్టు పక్షమున సాక్ష్యమిచ్చిన లోరీ రైటు, ఎక్స్‌బాక్సు యంత్రముల విక్రయమువలన దమకెన్నడును లాభము రాలేదని ప్రమాణపూర్వకముగ జెప్పినది. నష్టమునకు యంత్రమును, లాభమునకు నాటలను విక్రయించు వర్తకునకు బ్రకటన విత్తనపు గింజవంటిది. ఒక్క యింట యంత్రము చేరినచో నా యింటి బాలుడు ఆఱేడు సంవత్సరములు కొను ప్రతి యాటపైనను రుసుము చేరును. ఇట్టి వర్తకుడు ఫుట్‌బాలు మైదానముల చుట్టును దన పేరు వ్రాయించుకొనుటలో వింత యేమున్నది?

కంప్యూటరు సంగతి యోచింపుడు. దానిని విక్రయించువా రొక్కరు గారు, పదిమంది. మెదడును విక్రయించువాడు వేఱు, చిత్రములను దెరపై జూపు గ్రాఫిక్సు కార్డును విక్రయించువాడు వేఱు, జ్ఞాపకశక్తి నమ్మువాడు వేఱు, విండోసు నమ్మువాడు వేఱు. వీరిలో బెక్కుమందికి లాభము యంత్రము కొన్న నాడే వచ్చును, అంతటితో సరి. ఆడువాడు తరువాత నూఱు ఆటలు కొన్నను వారికి జిల్లిగవ్వ రాలదు. కావున వారు చేయు ప్రకటనలు తమ భాగమును గుఱించియే యుండును. 1991 నుండి ఇంటెలు కంపెనీ కోట్లు వెచ్చించి సాగించిన ప్రచారము తన ముద్ర యంత్రముపై నుండవలెననియే కాని, ఆ యంత్రముపై నాటలాడుడని కాదు. ఇంటెలు ధనముతో గంప్యూటరు ఆటలకు గిరాకి పెరిగిన ఏ. ఎం. డి.కిని బంటయే గదా! పొరుగువాని పొలమునకు నీరు పెట్టుటకు దన బావి కెవడు మోట కట్టును?

పైగా నీ భాగముల వర్తకులకు గొన్నవాడెవ్వడో కూడ బట్టదు. గ్రాఫిక్సు కార్డులలో నగ్రస్థానము వహించిన ఎన్‌విడియా కంపెనీ ఆటలాడువారి సొమ్ముతోనే పెరిగినది. అయినను క్రిప్టో నాణెముల పిచ్చి ముదిరిన కాలమున నా కార్డులు మూటలు మూటలుగ నాణెములు తవ్వువారి యిండ్లకు దరలిపోగా, ఆడువారు రెట్టింపు ధర లిచ్చియు దొరకక యలమటించిరి. ఆటల విభాగమున వచ్చిన యాదాయములో నాణెముల తవ్వకముచే నెంత వచ్చినదో వాటాదారులకు సరిగ దెలుపలేదని అమెరికా ప్రభుత్వపు షేర్ల నియంత్రణ సంఘము 2022 మే నెలలో నా కంపెనీకి 55 లక్షల డాలర్ల జరిమానా విధించినది. ఇప్పుడు కృత్రిమ మేధ వంతు వచ్చినది. ఎన్‌విడియా యాదాయములో నాటల భాగమును దాటి డేటా కేంద్రముల భాగ మెన్నో రెట్లు పెరిగినది. 2025 డిసెంబరులో మైక్రాను కంపెనీ, క్రూషియలు అను పేరిట సామాన్యులకు మెమొరీని విక్రయించు వ్యాపారమునుండి తప్పుకొనుచున్నట్లు ప్రకటించినది. సరకంతయు డేటా కేంద్రములకే కావలెనట. ఇట్టివారు కంప్యూటరు ఆటలకు బ్రచారకులగుదురని యాశించుట యెండమావుల నీరు ద్రావ జూచుటయే.

ఒక యాక్షేపణ వచ్చునని మేమెఱుగుదుము. స్టీము నడుపు వాల్వు కంపెనీ కూడ నూటికి ముప్పది వంతు దీసికొనుచున్నది గదా, ఆ కంపెనీ యేల ప్రచారము చేయదు? 2018లో మిక్కిలిగ నమ్ముడుపోవు నాటల విషయమున నా వంతును 25కును, 20కిని దగ్గించిన మాట నిజమే కాని, చిన్నవారికి మాత్రము ముప్పదియే. అయినను వాల్వు స్థితి జమీందారు స్థితి గాదు, సంతలో మిక్కిలి పెద్ద దుకాణదారుని స్థితి. సంతకు రండని దండోరా వేయించిన, వచ్చినవారు ప్రక్క దుకాణమునకు బోకుండ నాపజాలడు. 2018 డిసెంబరులో నెలకొన్న ఎపిక్ కంపెనీ యంగడి నూటికి బండ్రెండు మాత్రమే తీసికొనుచున్నది. పోలండు దేశపు గాగ్ అంగడి తాళములు లేని యాటలను విక్రయించుచున్నది. దండోరా లేకయే జనులు వచ్చుచుండగా వాల్వునకు దానిపై ఖర్చేల? అదే కంపెనీ 2022లో స్టీము డెక్ అను చేతియంత్రమును దన సొంత పేరిట వెలువరించినప్పుడు చేసిన హడావుడి చూచితిమి. అంతకు ముందు 2015లో స్టీము మెషీను లనుపేర నితరులచే యంత్రములు చేయించినప్పుడు, తలకొక ధర, తలకొక రూపముతో నవి వచ్చిన జాడ తెలియకయే పోయినవి. యంత్రము తనదైనప్పుడే నోరు పెగలుచున్నది.

ఇక మైక్రోసాఫ్టు. కంప్యూటరు ఆటలలో నత్యధికములు విండోసుపై నడచునవే గనుక, కంప్యూటరునకు యజమానియని యెవ్వరినైన జెప్పవలసివచ్చిన నీ కంపెనీనే చెప్పవలెను. కాని 2001లో నది యేమి చేసినది? కంప్యూటరు భాగములతోనే యెక్స్‌బాక్సు అను కన్సోలును గట్టి, దాని ప్రచారమునకు 50 కోట్ల డాలర్లను గేటాయించినట్లు ప్రకటించినది. హేలో అను నాటను బంజీ యనువారు 1999లో మాకింటాషు కంప్యూటర్ల ప్రదర్శనమునందు లోకమునకు జూపిరి. మఱుసటి యేట మైక్రోసాఫ్టు బంజీని గొని, ఆ యాటను ఎక్స్‌బాక్సునకు దలమానికముగ జేసికొన్నది. కంప్యూటరుపై నది 2003 వఱకు రాలేదు. 2007లో వెలువడిన మూడవ భాగము కంప్యూటరునకు జేరుటకు 2020 జులై వఱకు, అనగా బదుమూడేండ్లు పట్టినది. కంప్యూటరు కొఱకు బుట్టిన బిడ్డను దత్తు తీసికొని పుట్టినింటి గడప త్రొక్కనీయకపోవుట వంటిదిది.

మైక్రోసాఫ్టు కంప్యూటరు ఆటలను బొత్తుగ మఱచినదనలేము. 2006 ప్రాంతమున "గేమ్సు ఫర్ విండోసు" అను ముద్రతో నంగళ్లలో నొకేరీతి డబ్బాలను బేర్పించినది. మఱుసటి యేట దానికి "లైవ్" అను నొక సేవను జోడించి, కంప్యూటరుపై నెన్నడును లేని విధముగ, కూడి యాడుటలోని కొన్ని సదుపాయములకు గన్సోలు ఫక్కిని జందా విధించినది. చేయి చాచిన వెంటనే యాడువా రెదురుతిరిగిరి. 2008లో జందాను రద్దుచేయవలసివచ్చినది. 2013 ఆగస్టులో నా సేవకు జెందిన యంగడియు మూతపడినది. 2021 ఆగస్టు నుండి తన యంగడిలో గంప్యూటరు ఆటలపై వంతును ముప్పదినుండి పండ్రెండునకు దగ్గించుకొనిన యీ కంపెనీయే కన్సోలు ఆటలపై ముప్పదిని ముట్టుకొనలేదు. పండ్రెండు వచ్చుచోటునకు గాక ముప్పది వచ్చుచోటునకు జనులను బిలుచుట వర్తకధర్మమే కదా.

కలసి చేయవచ్చుగదా యని కొంద ఱందురు. అదియు జరిగినది. 2008 ఫిబ్రవరిలో ఇంటెలు, మైక్రోసాఫ్టు, ఎన్‌విడియా, ఏ. ఎం. డి., డెల్లు మొదలగు మహాసంస్థలు చేరి కంప్యూటరు ఆటల ప్రచారమునకే పి. సి. గేమింగు అలయన్సు అను కూటమిని స్థాపించుకొన్నవి. పదిమందిలో పాము చావదను సామెత యూరక పుట్టలేదు. ఒక్కొక్కరి స్వార్థ మొక్కొక దిక్కున కీడ్చుచుండ, వ్యవస్థాపకులలో నొకటియైన మైక్రోసాఫ్టు కొలది కాలముననే తప్పుకొన్నది. 2014లో గూటమి పేరే మార్చుకొన్నది. దాని మాట నేడు తలచువారు లేరు. కంప్యూటరు ఆటలకు బ్రత్యేకమైన యొక పెద్ద ప్రదర్శనము లాస్ ఏంజెలిసున ఈ-3 ఉత్సవ సమయమున 2015లో మొదటిసారి జరిగినది. దానిని బూనుకొన్నది యంత్రముల కంపెనీలు గావు, పి. సి. గేమర్ అను పత్రిక! పత్రికలవారము గనుక నీ సంగతి మాకు గొంత గర్వకారణమైనను, కోటానుకోట్ల వ్యాపారమునకు దండోరా వేయుట కొక పత్రిక పూనుకొనవలసివచ్చుట వ్యాపారమునకు గౌరవమని చెప్పజాలము.

ఈ నిశ్శబ్దమువలన నష్టమేమియు లేదా? కలదు. మొదటిది పేరు చెడుట. అమెరికాలో నెలనెలయు వెలువడు నాటల విక్రయపు లెక్కలు చాలకాలము దుకాణములలో నమ్ముడుపోయిన డబ్బాలను మాత్రమే లెక్కించినవి. అంతర్జాలమున నమ్ముడుపోయినవియు, నెలసరి చందాలును అందు జేరలేదు. వరల్డు ఆఫ్ వార్‌క్రాఫ్టు అను నొక్క కంప్యూటరు ఆటకు 2010 నాటికి 1 కోటి 20 లక్షల మంది చందాదారు లుండిరి; అయినను గంప్యూటరు ఆటలకు గాలము చెల్లినదని పత్రికలు పదేపదే వ్రాసినవి. తప్పని చెప్పుట కెవ్వడును లేడయ్యె. కన్సోలును గుఱించి యిట్టి తప్పు వ్రాసిన మఱునాటికి యజమాని ప్రత్యుత్తరము రాకుండునా?

రెండవది యాలస్యము. గ్రాండ్ తెఫ్టు ఆటో ఐదవ భాగము కన్సోలులకు 2013 సెప్టెంబరులో వచ్చి, కంప్యూటరునకు 2015 ఏప్రిలులో వచ్చినది. ఆఱవ భాగమును 2023 డిసెంబరులో బ్రకటించినప్పుడును రెండు కన్సోలుల పేళ్లే చెప్పిరి కాని కంప్యూటరు మాట యెత్తలేదు. వచ్చినవియు నన్నియు సరిగ రాలేదు. 2015 జూనులో వెలువడిన బ్యాట్‌మన్ ఆర్కమ్ నైటు కంప్యూటరుపై నడువలేక కుంటగా, విక్రయమునే నిలిపివేసి నెలల తరబడి మరమ్మతు చేయవలసివచ్చినది. కంపెనీలకును జెప్పుకొనుట కొక సాకు లేకపోలేదు. దొంగప్రతులు కంప్యూటరుపైననే యెక్కువ. లక్షరకముల భాగముల కూర్పులపై నాటను బరీక్షించుట కష్టము. కన్సోలు ఒక్కటే రకము. ఇవి నిజమే. కొన్నవానికి గూడ నీ యాట నా యంత్రముపై నడచునా యను సందేహము కన్సోలుపై లేదు. కాని దొంగల భయమున గొన్నవారిని దొంగలుగ జూచుట మాత్రము క్షంతవ్యము గాదు. 2008లో స్పోరు అను నాటను సొమ్ముపెట్టి కొన్నవాడు మూడుసార్లకు మించి తన యంత్రముపై నెక్కించుకొనగూడదని కట్టడి చేసి, అల్లరి చెలరేగిన పిదప సడలించిరి.

ప్రచారము కంప్యూటరునకు బొసగనే పొసగదా యని యడుగువారు తూర్పు దేశములవంక జూతురుగాక. కొరియా దేశమున 1997 నాటి యార్థిక సంక్షోభమునకు దరువాత వీధివీధిని కంప్యూటరు ఆటల గదులు వెలసినవి. 1998లో వెలువడిన స్టార్‌క్రాఫ్టు ఆడుటకు జనులు గంట కింతయని యిచ్చి కూర్చుండిరి. గంట లెక్కన సొమ్ము వచ్చు గదుల యజమానులకు బోటీలను బెట్టుట లాభదాయకమైనది. 2000 నాటికి ఆటల పోటీలకే టెలివిజను ఛానెలు వచ్చినది. ప్రభుత్వ ఆమోదముతో నొక సంఘమును నెలకొన్నది. చైనాలో 2000 మొదలు పదునాలుగేండ్లు కన్సోలుల విక్రయమే నిషిద్ధము. 2015లో గాని యా యాంక్ష పూర్తిగ దొలగలేదు. ఆ దేశపు యువకులు కంప్యూటరుపైననే పెరిగిరి. 2024 ఆగస్టులో వారి పురాణకథ నాధారము చేసికొని వెలువడిన బ్లాక్ మిత్: వూకాంగు అను నాటను స్టీముపై నొకేసారి 24 లక్షలమందికి మించి యాడిరి. యంత్రమునకు యజమాని లేకున్నను, దానివలన దినదినమును లాభము పొందు వేఱొకడున్నచోట బ్రచారము దానంతటదియే పుట్టినదని యీ రెండు దేశములును జూపుచున్నవి.

మన దేశమున నా వేఱొకడు నిలువలేదు. మన యూళ్లలో నొకప్పుడు మూలమూలను వెలసిన యంతర్జాలపు గదులు చేతిఫోనుల రాకతో జాలవఱకు మూతపడినవి. మన యువకులలో బెక్కుమం దిప్పుడు ఫోనుపైననే యాడుచున్నారు, అదియు జమీందారీయే. ఆటల సొమ్మును దన పద్దుద్వారమే చెల్లింపవలెనని నిర్బంధించినందుకు 2022 అక్టోబరులో మన పోటీ వ్యవహారముల కమిషను గూగులుపై 936 కోట్ల రూపాయల జరిమానా విధించిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. 2025లో అప్పీలులో నది 216 కోట్లకు దగ్గినది.

కన్సోలు యజమానులు మనకు మేలేమియు జేయలేదని యనము. 2009లో సోనీ కంపెనీ ప్లేస్టేషను 2 యంత్రమున కీ దేశముననే యాటలను దయారుచేయించినది. హనుమాన్: బాయ్ వారియర్ అనుదానిని హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీసువారును, కబడ్డీ, బిళ్ళంగోడు వంటి మన యాటలతో గూడిన దేశీ అడ్డా అనుదానిని హైదరాబాదునకే చెందిన గేమ్‌శాస్త్రవారును నిర్మించిరి. జమీందారు లాభమునకే యైనను, కాలువ త్రవ్వించినమాట నిజము. కంప్యూటరు భాగములమ్ము కంపెనీ లేవియు దెలుగు యువకులకట్టి పని యీయలేదు. కాని పిమ్మట నేమైనది? 2013లో ప్లేస్టేషను 2 తయారి యాగిపోయినది. తరువాతి ప్లేస్టేషను 4, 5 యంత్రము లా పళ్లెములను జదువవు. హైదరాబాదు బిడ్డల యా శ్రమ నేడొక మూలబడిన యంత్రముతో బాటు మూలబడినది. 1993లో వెలువడిన డూము అను కంప్యూటరు ఆట యన్ననో, దాని మూలవ్రాతను 1997లో బయటబెట్టుటచే నేటికిని గ్రొత్త యంత్రములపై నాడబడుచునే యున్నది. పుణె నగరపు నాడింగ్ హెడ్సువారి రాజీ అను నాట కథయు దలపదగినది. 2017లో జనులనుండి చందాలు గోరగా గుఱి చేరలేదు. 2020 ఆగస్టులో నింటెండో తన ప్రదర్శనమున జూపి నాడే తన యంత్రముపై విడుదలచేసినది. కంప్యూటరునకు రెండు నెలల తరువాత గాని రాలేదు. పేరు కావలెనన్న గుమ్మము త్రొక్కక తప్పలేదు.

ఇటీవల గంప్యూటరునకు గూడ బ్రచారము మొదలైనదని సంతోషించువా రున్నారు. దాని పోకడ పరికింపవలసినది. 2024 నవంబరులో మైక్రోసాఫ్టు క్రొత్త ప్రకటనల వరుస నొకదానిని సాగించినది: ఇంటి కంప్యూటరును, ఫోనును, టెలివిజనును జూపి "ఇది యెక్స్‌బాక్సు" అనుట! 2025 అక్టోబరులో ఆససు కంపెనీ వెలువరించిన విండోసు చేతికంప్యూటరునకు సయిత మెక్స్‌బాక్సు పేరే పెట్టిరి. బంజరు భూమికి మొదట బేరు పెట్టి, పిదప సరిహద్దు రాళ్లు పాతుట జమీందారుల పాతయాచారము. రాళ్లు పాతినవారు మఱియొకరు. 2024 ఫిబ్రవరిలో సోనీ కంపెనీ హెల్‌డైవర్సు 2 అను నాటను గంప్యూటరుపై గూడ విడుదలచేసి, లక్షలమంది కొన్న పిదప మే నెలలో నందఱును దమ ప్లేస్టేషను ఖాతాను దెఱువవలెనని శాసించినది. ఆ ఖాతా సౌకర్యమే లేని దేశములు నూటికి మించియున్నవి. యూరపులోని బాల్టికు దేశములును వానిలోనివే. ఆయా దేశములలో నాట విక్రయము నిలిచిపోయినది. ఆడువారు స్టీముపై లక్షలకొలది నిరసనలు వ్రాయగా గొలది దినములలో శాసనమును వెనుకకు దీసికొనిరి. కన్సోలుపై నట్టి శాసన మెవ్వరికిని వింతగ దోపదు. అక్కడ గాపురముండుటయే యా షరతుపైని.

కావున గంప్యూటరునకు యజమాని యొకడు దొరకి ఢంకా మ్రోగింపవలెనని కోరుటలో మాకు బాలుపంచుకొనుట కిష్టము లేదు. అనుమతి యడుగ నక్కఱలేకుండ నాట వ్రాసి, తన సైటునందే యుంచి యమ్ముకొనదగిన యంత్రము మనవారి చేత నిప్పటికి మిగిలియున్న దిదియొక్కటే. స్టీమున నుంచవలెనన్నను 2017 నుండి యాట యొక్కింటికి నూఱు డాలర్ల రుసుము చెల్లించిన జాలును. పనిముట్లును దొరకుచున్నవి. బొమ్మలను మలచు బ్లెండరును, ఆటలను గూర్చు గొడో యును ఎవ్వరి సొత్తును గావు, వెల లేదు. వెలగల పనిముట్టును నమ్మిన నేమగునో 2023 సెప్టెంబరులో యూనిటీ కంపెనీ చూపినది. ఆట యొక్కొక్కసారి యెక్కింపబడినప్పు డింతయని క్రొత్త రుసుమును బ్రకటించి, సంవత్సరమునకు గాని రద్దుచేయలేదు.

ఇట్టి యంత్రమునకు బ్రచారము చేయదగినది లాభముతో నిమిత్తము లేని ప్రభుత్వమే. 2016లో తెలంగాణ ప్రభుత్వము యానిమేషను, ఆటల పరిశ్రమల కొఱకు ఇమేజి విధానమును బ్రకటించినది. 2022లో గేంద్ర ప్రభుత్వ మీ విషయమున గార్యదళమును నియమించి నివేదికను దెప్పించుకొన్నది. 2025 ఆగస్టులో బార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైను ఆటల చట్టము పందెపు టాటలను నిషేధించి, క్రీడాపోటీలుగ జరుగు నాటలకు బ్రోత్సాహ మీయవలెనని చెప్పినది. చట్టము పేరులో బ్రోత్సాహమను మాట నియంత్రణమను మాటకంటె ముందున్నది. అమలులో నేది ముందుండునో చూడవలసియున్నది. ప్రోత్సాహమనగా విదేశపు కంపెనీల ప్రదర్శనములకు మైదానములు సమకూర్చుట గాదు. ఇంజనీరింగు కళాశాలలలో సాయంకాలములు కంప్యూటరు గదులకు దాళములు వేయక విద్యార్థుల పోటీలకు దెఱచియుంచుట, తెలుగులో నాట వ్రాసినవారికి మొదటి యేటి ఖర్చులు భరించుట, కొరియా గదులు చేసిన పని మన గ్రంథాలయములచే జేయించుట — ఇవి పెద్ద ధనముతో బనిలేనివి. ప్రజాధనము ముట్టిన యాట ముందుగ నే కంప్యూటరుపైనైనను, ఎవ్వరి ఖాతాయు దెఱువకయే యాడదగినదిగ నుండవలెనను నిబంధన యా విధానపత్రములలో మాకు గానరాలేదు. రెండు తెలుగు ప్రభుత్వములును దానిని జేర్చుటకు నొక్కపంక్తి చాలును.